కయాక్‌లో శీతాకాలపు బాస్ వేట: పుట్టుపూర్వోత్తరాలు

అమెరికా దక్షిణ, మధ్య రాష్ట్రాల జలాశయాల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక ప్రత్యేకమైన గాలం వేట సాగుతుంది. అక్కడ నీరు గడ్డకట్టదు, కానీ చెయ్యి పెడితే కొరికేస్తుంది. వేసవిలో మోటారు పడవలతో కిక్కిరిసే రేవులు ఆ నెలల్లో బోసిపోయి ఉంటాయి. పన్నెండు, పదమూడు అడుగుల ప్లాస్టిక్ కయాక్‌లో ఒంటరిగా కూర్చున్న మనిషి లోతు నీటిలోకి గాలం దించి, బాస్ చేప కోసం ఓపికగా కాచుకుంటాడు. ఈ వేటలోని పడవ ఆర్కిటిక్ వేటగాళ్లది. చేప ఉత్తర అమెరికా నదులది. వేట సాగే జలాశయాల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో ఆనకట్టల వెనక నిండినవి. వేటపద్ధతులు మాత్రం కయాక్ ఆ నీళ్ల మీదికి రాకముందే, పెద్ద పడవల కాలంలోనే తయారయ్యాయి. నెమ్మదిగా ఆడించాల్సిన గాలానికి తగిన నెమ్మదైన పడవ ఆ తరువాతే దొరికింది.

కయాక్ పుట్టిల్లు అలాస్కా, ఉత్తర కెనడా, గ్రీన్‌లాండ్ తీరాలు. ఇన్యుయిట్, యూపిక్, అలూట్ జాతులవారు వేల ఏళ్లుగా దీన్ని సీల్‌లను, నీటిపక్షులను, నీటిలో ఈదే కారిబూ జింకలను వేటాడడానికి వాడారు. చెట్లు పెరగని ఆ నేలలో అలలకు కొట్టుకొచ్చిన దుంగలే కలప. అదీ దొరకని చోట తిమింగలం ఎముకలతో చట్రం కట్టేవారు. దానిమీద సీల్ తోళ్లను నరాల దారంతో కుట్టి, కుట్ల సందుల్లోంచి నీరు ఊరకుండా కొవ్వు పూసేవారు. తోళ్లు కుట్టేది ఆడవాళ్లు. వాళ్ల కుట్టు గట్టిగా ఉంటేనే మగవాడు బతికి ఇంటికొస్తాడు. కృష్ణ, తుంగభద్రల్లో తిరిగే పుట్టిలోనూ ఇదే సూత్రం ఉంది. వెదురు అల్లిక మీద తోలు బిగిస్తే పుట్టి. అయితే అది గుండ్రంగా ఉండి మనుషులను రేవు దాటిస్తుంది. కయాక్ సన్నగా, పొడవుగా ఉండి చప్పుడు లేకుండా వేట వెంట పోతుంది. రెండు కొనలా రెక్కలున్న తెడ్డుతో కుడి ఎడమలా నీటిని తోస్తూ దాన్ని నడుపుతారు.

ఆ పాత కయాక్‌ను ఎవరి ఒంటి కొలతకు వాళ్లు తయారుచేసుకునేవారు. మూరలు, బెత్తలు, నడుము వెడల్పు చూసి చట్రం కట్టేవారు. కూర్చునే రంధ్రం చుట్టూ ఉన్న కొయ్య అంచుకు వేటగాడి తోలుచొక్కా కింది అంచును బిగించేవారు. ముఖం చుట్టూ, మణికట్ల దగ్గర దారాలతో బిగుతుగా కట్టుకునేవారు. పడవ తలకిందులైతే తెడ్డు ఊతంతో అదే ఊపులో పైకి లేచేవారు. ఆ నీటిలో పడి ఈదడమంటే నిమిషాల్లో చావు. కాబట్టి పడవ, బట్టలు, శరీరం మూడూ ఒకే వస్తువుగా ఉండాలన్నది అక్కడి తొలి సూత్రం. శీతాకాలపు వేట గురించి ఇప్పుడు చెప్పే జాగ్రత్తలన్నీ చివరికి ఈ సూత్రం దగ్గరికే చేరతాయి.

యూరప్‌లో దీన్ని విహారపు పడవగా మార్చినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సినవాడు జాన్ మాక్‌గ్రెగర్. స్కాటిష్ న్యాయవాది అయిన ఆయన 1865లో 'రాబ్ రాయ్' అనే చెక్కపడవలో యూరప్ నదులు, సరస్సులు తిరిగి, మరుసటి ఏడాది పుస్తకం రాశాడు. 1905లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హోయ్‌రిష్ విప్పి మడతపెట్టి రైల్లో తీసుకుపోగల కయాక్‌ను రూపొందించాడు. రోజెన్‌హైమ్ పట్టణపు దర్జీ యోహాన్ క్లెప్పర్ ఆ నమూనా హక్కులు కొని 1907 నుంచి తయారీ మొదలుపెట్టాడు. అలాంటి క్లెప్పర్ పడవలోనే హానెస్ లిండెమాన్ 1956లో ఒంటరిగా అట్లాంటిక్ సముద్రం దాటాడు. బెర్లిన్‌లో 1936లో జరిగిన ఒలింపిక్స్‌లో కయాక్ పందేలకు చోటు దొరికింది.

బాస్ వేటకు సంబంధించినంతవరకు అసలు మలుపు ముడిసరుకు మారడం. 1950ల్లో ఫైబర్‌గ్లాస్ వచ్చింది. 1970ల్లో పాలిథిలీన్ పొడిని అచ్చులో పోసి, అచ్చును పొయ్యిలో తిప్పుతూ వేడిచేసి ఒకే ముక్కగా పడవను తీసే పద్ధతి కయాక్‌లకు వచ్చింది. ఇలా చేసిన పడవను రాళ్ల మీద లాగినా పగలదు, ఎండలో వానలో పడేసినా పుచ్చదు. అన్నిటికన్నా ముఖ్యం, ధర మామూలు జీతగాడి చేతికి అందింది. సరిగ్గా అదే దశకంలో కాలిఫోర్నియాలోని మాలిబూ తీరంలో టిమ్ నీమియర్ లోపలికి దూరి కూర్చునే పద్ధతిని పక్కనపెట్టి, పడవ పైభాగంలో గుంట చేసి అందులో కూర్చునే నమూనా తయారుచేశాడు. మీద పడిన నీరు అడుగు దాకా ఉన్న గొట్టపు రంధ్రాల గుండా తనంతట తానే బయటికి పోతుంది. ఆయన సంస్థ ఓషన్ కయాక్ అమ్మిన 'స్కప్పర్' రకానికి గాలం వేసేవాళ్లు పెద్ద గిరాకీదారులయ్యారు. పడవ తిరగబడినా నిండిపోదు, పట్టుకుని మళ్లీ ఎక్కవచ్చు. అయితే ఇది వెచ్చని సముద్రం కోసం పుట్టిన పడవ. నడుము దాకా కప్పే తోలు పోయింది. గాలి, నీటి తుంపర నేరుగా ఒంటికే తగులుతాయి.

1997లో హోబీ సంస్థ 'మిరాజ్ డ్రైవ్' తెచ్చింది. మెట్లెక్కినట్టు ఒక్కో కాలితో మార్చి మార్చి తోస్తే పడవ అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ రెక్కల మాదిరి అటూ ఇటూ ఆడి పడవను నడుపుతాయి. గాలం వేసేవాడికి ఇంతకన్నా పెద్ద వరం మరొకటి లేదు. తెడ్డు పట్టుకున్న చేతులు గాలం పట్టుకోలేవు. కాళ్ల పని కాళ్లకు అప్పగించాక రెండు చేతులూ వేటకు మిగిలాయి. కొన్నేళ్లకు నిలబడి గాలం విసరగలిగేంత వెడల్పైన పడవలు, ఎత్తైన కుర్చీలు, రాడ్లు నిలబెట్టే గొట్టాలు వచ్చాయి. వాటితోపాటు బరువూ పెరిగింది. నలభై కిలోలు దాటిన కయాక్‌ను ఒక్కరు కారు పైకి ఎత్తలేరు కాబట్టి చక్రాల బళ్లు, చిన్న ట్రెయిలర్లు తప్పనిసరయ్యాయి. తేలికదనం కోసం పుట్టిన పడవకు ఇది మంచి మార్పేమీ కాదు. ఊరి పక్క చిన్న చెరువుకు పాత తెడ్డు కయాకే నేటికీ మేలు.

ఇక చేప సంగతి. బ్లాక్ బాస్ అని పిలిచే ప్రజాతి 'సన్‌ఫిష్' కుటుంబానికి చెందుతుంది. గ్రేట్ లేక్స్, మిసిసిపీ పరీవాహకం, ఆగ్నేయ రాష్ట్రాల నదులు దీని సొంత ఊళ్లు. పెద్దనోటి బాస్, చిన్ననోటి బాస్, మచ్చల బాస్ వేటగాళ్లకు బాగా తెలిసిన మూడు రకాలు. పెద్దనోటిది నాచు, మునిగిన చెట్ల మోడుల మధ్య కాపు కాస్తుంది. చిన్ననోటిది రాతి అడుగు, తేటనీరు కోరుతుంది. గుడ్లు పెట్టిన గూటిని, పుట్టిన పిల్లలను మగచేప కాపలా కాస్తుంది. 1802లో పారిస్‌లో లాసెపెడ్ ఈ ప్రజాతికి శాస్త్రీయనామం పెట్టాడు. ఆయన చూసిన నమూనాలో వీపు రెక్క చివర చిరిగి, విడిగా ఒక చిన్న రెక్క ఉన్నట్టు కనిపించింది. ఆ పొరపాటే 'మైక్రోప్టెరస్' అనే పేరుగా మిగిలిపోయింది. 2022లో జన్యు పరిశీలన ఆధారంగా ఫ్లోరిడా బాస్‌ను, మిగతా పెద్దనోటి బాస్‌ను వేర్వేరు జాతులుగా గుర్తించారు.

ఈ చేప అమెరికా అంతటా పరుచుకున్నది మనుషుల చేతుల మీదుగా. 1825లో తెరుచుకున్న ఈరీ కాలువ తూర్పు నీళ్లకు దారి చూపింది. 1854లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు ఇంజను నీళ్లతొట్టిలో చిన్ననోటి బాస్‌లను వేసుకొచ్చి పొటోమాక్ నది పక్కనున్న కాలువలో వదిలారు. కొద్ది ఏళ్లలోనే ఆ నది నిండా బాస్‌లయ్యాయి. 1871లో ఏర్పడిన సమాఖ్య చేపల కమిషన్ తరువాతి దశాబ్దాల్లో రైలుపెట్టెల్లో చేపపిల్లలను పశ్చిమ తీరం దాకా మోసుకెళ్లింది. 1925లో జపాన్‌లోని ఆషీ సరస్సుకూ బాస్ చేరింది. ఇదంతా మేలే జరిగిందని చెప్పలేం. మాంసాహారి అయిన బాస్ కొత్త నీళ్లలో స్థానిక చిన్నచేపలను తుడిచిపెట్టేస్తుంది. జపాన్ 2005లో దీన్ని హానికరమైన పరాయి జాతిగా ప్రకటించి, బతికున్న చేపలను రవాణా చేయడాన్ని, వేరే నీళ్లలో వదలడాన్ని నిషేధించింది. విచిత్రమేమిటంటే, 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెరీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల, అంటే సుమారు 10 కిలోల పెద్దనోటి బాస్ రికార్డును 2009లో సమం చేసిన చేప జపాన్‌లోని బివా సరస్సులోనే దొరికింది.

బాస్ వేటకు సొంత పనిముట్లు కెంటకీలో పుట్టాయి. పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పారిస్ అనే ఊళ్లో గడియారాలు బాగుచేసే జార్జ్ స్నైడర్, పిడిని ఒకసారి తిప్పితే చుట్ట అనేకసార్లు తిరిగే రీలు తయారుచేశాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మీక్ సోదరులు ఆ పనితనాన్ని మరింత పదును పెట్టారు. 1881లో వైద్యుడు జేమ్స్ హెన్‌షాల్ బ్లాక్ బాస్ మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. అప్పటిదాకా ట్రౌట్, సాల్మన్ చేపలకే ఉన్న గౌరవం బాస్‌కూ దక్కింది. మిషిగన్‌లోని డోవాజియాక్‌లో జేమ్స్ హెడ్డన్ చెక్కతో చేసిన ఎరలు అమ్మసాగాడు. 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ ప్లాస్టిక్ వానపామును తయారుచేశాడు. ఇప్పటికీ బాస్ వేటలో అంతగా వాడే ఎర మరొకటి లేదు.

ఇంతవరకు ఇది వసంతం, వేసవి నెలల వేట. శీతాకాలపు వేటకు నేల సిద్ధం చేసింది ఆనకట్టలు. 1933లో ఏర్పడిన టెన్నెస్సీ వ్యాలీ అథారిటీ వరదలు ఆపడానికి, విద్యుత్తుకు, నౌకాయానానికి వరుసగా ఆనకట్టలు కట్టింది. నోరిస్ ఆనకట్ట 1936లో, కెంటకీ ఆనకట్ట 1944లో పూర్తయ్యాయి. సైన్యపు ఇంజనీర్ల విభాగం కట్టిన డేల్ హాలో జలాశయం 1943లో నిండింది. ఓజార్క్ కొండల్లో బుల్ షోల్స్, టేబుల్ రాక్ ఆనకట్టలు 1950ల్లో వచ్చాయి. కొత్తగా మునిగిన పొలాలు, కంచెలు, రోడ్లు, అడవులు బాస్‌కు ఇల్లూ తిండీ అయ్యాయి. నోరిస్ జలాశయంలో జీవశాస్త్రజ్ఞులు పరిశీలించి, గాలంతో చేపలు పట్టడం వల్ల బాస్ సంతతికి ముప్పు లేదని చూపించారు. అప్పటిదాకా గుడ్లు పెట్టే కాలంలో వేటను ఆపే నియమం ఉండేది. 1940ల మధ్యలో టెన్నెస్సీ ఆ నియమాన్ని సడలించడంతో ఏడాది పొడవునా గాలం వేసే అలవాటు దక్షిణాదిన పాతుకుంది.

ఈ జలాశయాలకు ఇంకో గుణం ఉంది. శీతాకాలం, వసంతకాలాల వరదనీటికి చోటుండాలని శరదృతువులో నీటిమట్టం అడుగులకు అడుగులు దించుతారు. వేసవిలో కనిపించని గట్లు, పాత వాగుల మలుపులు, మోడులు, రాళ్లగుట్టలు బయటపడతాయి. గాలం వేసేవాళ్లు అప్పుడు ఒడ్డు వెంట నడిచి వాటిని గుర్తుపెట్టుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు, చేత్తో పటాలు గీసుకుంటారు. జలాశయాన్ని చదవడానికి ఇంతకు మించిన బడి లేదు.

నీటి లోపల జరిగేది తెలిస్తేనే శీతాకాలపు పద్ధతులు అర్థమవుతాయి. నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధికం. వేసవిలో పైన వెచ్చని పొర, కింద చల్లని పొర విడివిడిగా ఉంటాయి. శరత్తులో పైపొర చల్లబడి బరువెక్కి కిందికి దిగడంతో రెండు పొరలూ కలిసిపోతాయి. ఆ తరువాత ప్రాణవాయువు అన్ని లోతులకూ అందుతుంది. వేసవిలో ఊపిరాడని అడుగుకు చేపలు అప్పుడు దిగగలవు. బాస్ శీతల రక్త జీవి. దాని ఒంటి వేడి నీటి వేడితో సమానం. నీరు 10 డిగ్రీలకు తగ్గాక తిన్న చిన్నచేప అరగడానికి వేసవిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. అందుకే అది తక్కువగా తింటుంది, దూరం పరిగెత్తదు, లోతైన నీటికి ఆనుకున్న నిటారు గట్టును, పాత వాగు అంచును పట్టుకుని గుంపుగా ఉంటుంది. అయితే ఆకలి పూర్తిగా చావదు. దాని ముఖ్య ఆహారమైన థ్రెడ్‌ఫిన్ షాడ్ చేపలు నీరు 5, 6 డిగ్రీలకు చేరితే తట్టుకోలేక చనిపోతాయి. చావబోయే షాడ్ పక్కకు ఒరిగి, వణుకుతూ, ఆగి ఆగి కిందికి జారుతుంది. కష్టపడకుండా దొరికే ఆ ముద్దను బాస్ వదలదు. శీతాకాలపు ఎరల్లో చాలావరకు ఈ కదలికను అనుకరించడానికే పుట్టాయి.

వాటిలో అన్నిటికన్నా సాదాది సీసపు తల మీద జుట్టు కట్టిన జిగ్. జింకతోక వెంట్రుకలు చన్నీటిలో ఎర కదలకపోయినా మెల్లగా ఆడుతూనే ఉంటాయి. డేల్ హాలో, దాని చుట్టుపక్కల జలాశయాల్లో చిన్ననోటి బాస్‌కు ఇది పాత ఆయుధం. 1955లో ఆ జలాశయంలోనే 11 పౌండ్ల 15 ఔన్సుల ప్రపంచ రికార్డు చిన్ననోటి బాస్ దొరికింది. అది వేసవి చేప అయినా, పెద్దచేపల నీళ్లన్న పేరు రావడంతో శీతాకాలంలోనూ అక్కడికి జనం చేరసాగారు. రెండోది బ్లేడ్ ఎర. పలుచటి లోహపు రేకుకు కింద సీసం పోసి, పైకి గుంజితే గజగజ వణికేలా, వదిలితే మిలమిలలాడుతూ పడేలా చేస్తారు. హెడ్డన్ సంస్థ 'సోనార్', కెంటకీలో తయారైన 'సిల్వర్ బడ్డీ' ఈ తరహాలో పేరున్నవి.

తూర్పు టెన్నెస్సీ కొండ జలాశయాల్లో పుట్టిన బెండు పద్ధతి మరీ ఆసక్తికరం. రెండు మూడు గ్రాముల ఈకల జిగ్‌ను మూడు, నాలుగు మీటర్ల దారంతో చిన్న బెండు కింద వేలాడదీస్తారు. అంత పొడుగు దారాన్ని విసరాలంటే తొమ్మిది అడుగులకు మించిన రాడ్ కావాలి. చేపలు అడుగున కాక మధ్యలో తేలుతున్నప్పుడు, నీరు మరీ చల్లబడి ఏ ఎరనూ వెంటాడనప్పుడు ఈ జిగ్ వాటి ముక్కు ముందే కదలక నిలబడి ఉంటుంది. అలల తాకిడికి బెండు ఊగితే చాలు, కింద ఈక ప్రాణమున్నట్టు ఆడుతుంది. బెండు మునిగితే చేప పట్టినట్టు. పక్కకు ఒరిగినా పట్టినట్టే. కింది నుంచి చేప ఎరను ఎత్తినప్పుడు బరువు తగ్గి బెండు అలా ఒరుగుతుంది. ఈ రెండో సంకేతం పట్టుకోవడానికే అనుభవం కావాలి.

ఓజార్క్ జలాశయాల్లో మరో దారి పడింది. ఫిన్లాండ్‌లో లౌరి రపాల 1936లో చెక్కిన చెక్కచేప నుంచి సన్నని ఎరల వంశం ఒకటి మొదలైంది. అమెరికాలో వచ్చిన అలాంటి ఎరల్లో లూసియానాకు చెందిన 'రోగ్' ఒకటి. ఈ ఎరలు సహజంగా పైకి తేలేవి. టేబుల్ రాక్, బుల్ షోల్స్ వేటగాళ్లు వాటికి సీసపు తీగ చుట్టి, బరువు సరిచూసి, తేలకుండా మునగకుండా నీటిలో నిలిచిపోయేలా చేసుకున్నారు. రెండుసార్లు కుదిపి ఆపుతారు. ఆ విరామం పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఇంకా చల్లగా ఉంటే అంతకన్నా ఎక్కువ. చేప పట్టేది ఎర కదిలినప్పుడు కాదు, ఆగినప్పుడు. తయారీదారులు తరువాత ఈ గుణాన్ని ఫ్యాక్టరీలోనే పెట్టి అమ్మారు. కాన్సస్‌లో 1950ల నుంచి చక్ వుడ్స్ వంటివాళ్లు చిన్న జిగ్ మీద తుంచిన ప్లాస్టిక్ ముక్క గుచ్చి వేటాడేవారు. ఆ సంప్రదాయాన్ని తన రాతలతో దేశానికి తెలియజెప్పిన నెడ్ కీడీ పేరుమీదనే ఇప్పుడు 'నెడ్ రిగ్' ప్రతి కొట్టులో దొరుకుతోంది.

శీతాకాలంలో వెచ్చని నీరు దొరికే చెరువులూ ఉన్నాయి. విద్యుత్ కేంద్రాల యంత్రాలను చల్లబరిచి తిరిగొచ్చే నీటితో వర్జీనియాలోని ఆనా, ఇల్లినాయిస్‌లోని న్యూటన్ వంటి జలాశయాల్లో కొంత భాగం వేడెక్కుతుంది. టెక్సాస్‌లోని మాంటిచెల్లో, ఫెయిర్‌ఫీల్డ్ చెరువులకు ఆ పేరు ఎక్కువగా ఉండేది. 2018లో అక్కడి బొగ్గు కేంద్రాలు మూతపడడంతో ఆ వేట ముగిసింది. సహజంగా చల్లబడే నీటిలోనూ పెద్దచేపలు పడతాయనడానికి టెక్సాస్ రికార్డే సాక్ష్యం. 1992 జనవరి 24న ఫోర్క్ జలాశయంలో బారీ సెయింట్ క్లెయిర్ క్రాపీ చేపల కోసం చిన్న గాలానికి బతికున్న చిరుచేప గుచ్చి లోతుకు దించితే, 18.18 పౌండ్ల పెద్దనోటి బాస్ పడింది. అది 8 కిలోలు దాటిన చేప. ఆ రాష్ట్రం 1986 నుంచి నడుపుతున్న పథకంలో సంతానోత్పత్తి కోసం భారీ బాస్‌లను వేటగాళ్ల నుంచి తీసుకునేది ఇప్పుడు జనవరి నుంచి మార్చి వరకే.

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో బాస్ వేట వేగం వైపు పరుగెత్తింది. 1948లో లూసియానాలో హోమ్స్ థర్మండ్ కట్టిన 'స్కీటర్' తొలి బాస్ పడవ. 1950ల చివర్లో కార్ల్ లోరెన్స్ చేపలను, అడుగునేలను చూపే సోనార్ పెట్టెను మామూలు వేటగాళ్లకు అందించాడు. 1967లో రే స్కాట్ అర్కాన్సాస్‌లోని బీవర్ జలాశయంలో పెద్ద పోటీ నడిపి, మరుసటి ఏడాది బాస్ వేటగాళ్ల సంఘం స్థాపించాడు. 1972లో పట్టిన చేపను బతికించి వదలాలన్న ఉద్యమం మొదలుపెట్టాడు. బాస్ వేటకు ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు అదే. పడవలు మాత్రం ఏటేటా పెద్దవై, రెండు వందలకు పైగా అశ్వశక్తి మోటార్లతో, ఇల్లు కొన్నంత అప్పుతో కొనాల్సిన స్థితికి చేరాయి. దిగడానికి కాంక్రీటు రేవు, పెద్ద బండి ఉండాల్సిందే. చిన్న చెరువుల్లోకి అవి వెళ్లవు.

కయాక్‌లు వచ్చి నిలిచింది ఈ ఖాళీలోనే. 2000ల్లో చిన్న చిన్న క్లబ్బులు మొదలై, చాడ్ హూవర్ స్థాపించిన 'కయాక్ బాస్ ఫిషింగ్' సంస్థ 2016లో కెంటకీ జలాశయం మీద జాతీయ పోటీ జరిపేదాకా వచ్చింది. 2019లో హోబీ తన బాస్ పోటీల వరుసను, 2020లో రే స్కాట్ స్థాపించిన పాత సంఘమే కయాక్ వరుసను ప్రారంభించాయి. ఈ పోటీల్లో తూకం లేదు. చేపను అంగుళాల గుర్తులున్న పలక మీద పెట్టి, ఆ రోజు ఇచ్చిన గుర్తింపు చీటీతో సహా ఫోన్‌తో ఫొటో తీసి, పట్టిన చోటే వదిలేస్తారు. అయిదు పెద్ద చేపల పొడవులు కూడి విజేతను తేలుస్తారు. చేపను గంటల తరబడి తొట్టిలో పెట్టి తిప్పే పద్ధతికన్నా ఇది చేపకు ఎంతో మేలు. శీతాకాలంలో ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. గడ్డకట్టే గాలిలో చేపను ఎక్కువసేపు ఉంచితే కళ్లు, మొప్పలు దెబ్బతింటాయి. ఎనిమిది, తొమ్మిది మీటర్లకు మించిన లోతు నుంచి ఒక్కసారిగా లాగితే దాని గాలితిత్తి ఉబ్బి, తిరిగి కిందికి దిగలేక పైనే తేలిపోతుంది.

శీతాకాలానికి కయాక్ ఎందుకు తగిందో పైన చెప్పిన పద్ధతుల్లోనే ఉంది. చేపలు కొద్దిచోట్ల గుంపుగా ఉన్నప్పుడు జలాశయమంతా పరిగెత్తే పని లేదు. ఒక గట్టు, ఒక వాగు మలుపు చాలు. కాళ్ల తొక్కుడుతో అంగుళం అంగుళం జరుగుతూ ఎరను నిట్టనిలువుగా దించి ఆడించవచ్చు. చన్నీరు తేటగా ఉన్నప్పుడు పెద్ద పడవ నీడ, మోటారు చప్పుడు చేపను బెదరగొడతాయి. నీటిమట్టం దించినప్పుడు కాంక్రీటు రేవులు ఎండిపోయినా కయాక్‌ను బురద ఒడ్డు నుంచి కూడా తోయవచ్చు. దీనికి శత్రువు గాలి. చలిగాలులు ఉత్తరం నుంచి వీచే రోజున ఎత్తైన కుర్చీ ఉన్న కయాక్ తెరచాపలా కొట్టుకుపోతుంది. లంగరు వేసినా అల పక్కనుంచి తగిలితే ప్రమాదమే. అందుకే స్థానిక వేటగాళ్లు పెద్ద జలాశయపు నడిమధ్యను వదిలి, గాలి తగలని పాయల్లోనూ, ఊరి పక్క చిన్న చెరువుల్లోనూ శీతాకాలం గడుపుతారు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది చన్నీటి గురించే. ఒడ్డున ఎండ కాసి హాయిగా ఉన్న ఫిబ్రవరి మధ్యాహ్నాలే మోసం చేస్తాయి. గాలి 18 డిగ్రీలున్నా నీరు 7 డిగ్రీలే ఉండవచ్చు. మానిటోబా విశ్వవిద్యాలయపు గోర్డన్ గీస్‌బ్రెష్ట్ దీన్ని ఒకటి, పది, ఒకటి అనే లెక్కగా నేర్పాడు. నీటిలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది, ఆ క్షణంలో తల మునిగితే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తరువాతి పది నిమిషాల్లో చేతులు కాళ్లు మాట వినడం మానేస్తాయి. శరీరం లోపలి వేడి తగ్గి స్పృహ పోవడానికి సుమారు గంట పడుతుంది. అంటే చాలామంది చనిపోయేది గడ్డకట్టి కాదు, మొదటి పది పదిహేను నిమిషాల్లో మునిగి. లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉంటే ఆ నిమిషాలు దాటవచ్చు. కుర్చీ వెనక కట్టి ఉంచితే అది ఉన్నా లేనట్టే.

వెచ్చని తీరం నుంచి వచ్చిన తెరిచిన పడవకు ఇక్కడ ఆర్కిటిక్ చొక్కా పనిని బట్టలే చేయాలి. 1952లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్‌నర్ రూపొందించిన నియోప్రీన్ వెట్ సూట్ తడిసినా వెచ్చదనం ఉంచుతుంది. 1969లో కనిపెట్టిన గోర్-టెక్స్ వంటి పొరలతో, మెడ, మణికట్టు దగ్గర రబ్బరు పట్టీలతో వచ్చిన డ్రై సూట్ నీటిని లోపలికి రానివ్వదు. లోపల ఉన్ని గానీ, సింథటిక్ గానీ వేసుకోవాలి. పత్తి బట్ట తడిస్తే వేడిని లాగేస్తుంది. ఖరీదు ఎక్కువే, కయాక్ ధరలో సగం దాకా అవుతుంది. అయినా సోనార్ తెర, కొత్త మోటారు కొనేముందు కొనాల్సింది ఇదే. తిరగబడిన పడవను సరిచేసి, పొట్ట మీద ఎక్కి, పక్కకు తిరిగి కూర్చోవడాన్ని వేసవిలోనే, వెచ్చని నీటిలో పదేపదే అభ్యాసం చేయాలి.

చట్టాలు కూడా ఈ ప్రమాదాన్ని గుర్తించాయి. న్యూయార్క్‌లో నవంబరు 1 నుంచి మే 1 దాకా 21 అడుగులకన్నా చిన్న పడవల్లో అందరూ లైఫ్ జాకెట్ ఒంటిమీద వేసుకునే ఉండాలి. పెన్సిల్వేనియాలో కయాక్‌లకు నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు, మసాచుసెట్స్‌లో సెప్టెంబరు 15 నుంచి మే 15 వరకు ఇదే నియమం. వేటకు అనుమతించే నెలలూ మారుతూ వచ్చాయి. ఉత్తరాది రాష్ట్రాలు చాలాకాలం శీతాకాలంలో బాస్ వేటను మూసి ఉంచాయి. మిషిగన్ 2015లో పట్టిన వెంటనే వదిలే షరతు మీద ఏడాది పొడవునా అనుమతించింది. న్యూయార్క్ 2022లో డిసెంబరు 1 నుంచి జూన్ 14 దాకా, కృత్రిమ ఎరలతో, పట్టి వదిలే పద్ధతికి తలుపు తీసింది. ఆ రాష్ట్రాల్లో చాలా సరస్సులు జనవరికల్లా గడ్డకడతాయి కాబట్టి అక్కడ కయాక్ వేట మంచు పరుచుకునే దాకా, మళ్లీ మంచు కరిగాక సాగుతుంది. టెన్నెస్సీ, కెంటకీ, మిస్సోరి, అర్కాన్సాస్, టెక్సాస్ నీళ్లలో మాత్రం శీతాకాలమంతా నడుస్తుంది.